ఐడ్లింగ్ బాగుంటే పెట్రోలు సరఫరా బాగున్నట్టు కాదు

పాత పెట్రోలు కారు ఐడ్లింగులో (బండి కదలకుండా, యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజన్ ఆడేటప్పుడు) నిలకడగా ఆడుతూ, యాక్సిలరేటర్ నొక్కితే ఆగిపోతుంటే ఏం చేయాలో చెప్పే సలహా ఒకటి తెగ తిరుగుతోంది: "ఐడ్లింగ్ బాగుందంటే పంపూ ఫిల్టరూ బాగున్నట్టే. ప్లగ్గులు మార్చి, ట్యాంకులో క్లీనర్ పోయండి. తగ్గకపోతే ఐడ్లింగ్ పెంచండి." ప్లగ్గుల మాటలో కాస్త నిజముంది. మిగతాదంతా తప్పు.

ముందు పంపు సంగతి, అంటే ట్యాంకు నుంచి పెట్రోలు తెచ్చే పంపు. చిన్న ఇంజన్ ఐడ్లింగులో గంటకు సుమారు లీటరు పెట్రోలు తాగుతుంది. పూర్తి లోడు మీద పది పదిహేను లీటర్లు కావాలి. సగం పూడిన ఫిల్టర్ కూడా ఆ లీటరు ఇవ్వగలదు. పైగా పెట్రోలును గాలిలో కలిపే కార్బురేటర్లో ఐడ్లింగుకు దారి వేరు. నడిచేటప్పుడు పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, మెయిన్ జెట్, కొంత పూడినా ఐడ్లింగ్ చక్కగానే ఉండొచ్చు.

అసలు చూడాల్సింది బండి ఎప్పుడు ఆగుతోందన్నది. నొక్కిన క్షణంలోనే ఆగితే, కార్బురేటర్ బండిలో మొదటి అనుమానం యాక్సిలరేటర్ పంపు మీదే: నొక్కగానే అదనంగా పెట్రోలు చిమ్మే చిన్న పంపు అది. ఇంజన్ ఆపి, చల్లారాక ఎయిర్ క్లీనర్ తీసి, త్రాటిల్‌ను (గాలిని వదిలే రెక్కను) చేత్తో ఒక్కసారి తెరవండి. కార్బురేటర్ గొంతులోకి సన్నటి పెట్రోలు ధార వెంటనే పడాలి. ఆలస్యమైనా, చుక్కలుగా కారినా ఆ పంపులోని పల్చటి పొర, డయాఫ్రం, చిరిగినట్టో, నాజిల్ పూడినట్టో. గాలి కొలిచే సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ బండిలో, ఆ సెన్సరుకూ త్రాటిల్‌కూ మధ్య రబ్బరు గొట్టాన్ని వంచి, ముడతల లోపల చూడండి. లోడు పడి ఇంజన్ ఒరిగినప్పుడే నోరు తెరిచే పగులు ఐడ్లింగులో కనిపించదు.

ఎత్తు ఎక్కుతూ కొన్ని సెకన్లకు నీరసించి ఆగితే పెట్రోలు అందడం లేదేమో చూడాలి. ఆగిన వెంటనే ట్యాంకు మూత విప్పండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే గాలి రంధ్రం మూసుకుపోయింది. లేదంటే పెట్రోలు గొట్టానికి ప్రెషర్ గేజ్ పెట్టి, లోడు మీదే చూడాలి. మెకానికల్ పంపుకు సాధారణంగా 3 నుంచి 6 పీఎస్ఐ (ఒత్తిడి కొలత), మల్టీపాయింట్ ఇంజెక్షన్‌కు 40 నుంచి 50 దాకా ఉంటుంది. మీ బండి మాన్యువల్లోని అంకే ఖాయం. బండి నడుపుతూ చూసేటట్టయితే గేజ్‌ను అద్దం బయట కట్టాలి, క్యాబిన్‌లోకి తేకూడదు. ఆగే ముందు ప్రెషర్ పడిపోతే ముందు ఫిల్టర్ మార్చండి. ఎలక్ట్రిక్ పంపును మార్చేముందు దాని కనెక్టర్ దగ్గర ఓల్టేజీ కొలవండి. తుప్పు పట్టిన ఎర్తింగ్ వల్ల మంచి పంపులు ఎన్నో చెత్తలోకి పోతున్నాయి.

ప్రెషర్ నిలిచినా ఆగుతుంటే సైలెన్సర్ వైపు చూడండి. ఇంజన్ గాలి పీల్చే బలాన్ని చూపే వ్యాక్యూమ్ గేజ్ పెట్టి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే ముల్లు మెల్లగా దిగిపోతుంటే క్యాటలిటిక్ కన్వర్టరో సైలెన్సరో మూసుకుపోయింది.

ఇక ప్లగ్గులు. లోడు మీద సిలిండర్లో ఒత్తిడి పెరిగి, స్పార్కుకు ఎక్కువ ఓల్టేజీ కావాలి. ప్లగ్గు కొనల మధ్య గ్యాప్ పెరిగినా, ఆ ఓల్టేజీ ఇచ్చే కాయిల్ బలహీనపడినా అక్కడే తేలిపోతుంది. కానీ అప్పుడు బండి సాధారణంగా కుదుపులతో మిస్సవుతుంది, మెల్లగా నీరసించదు. కొనేముందు గ్యాప్ కొలవండి. ప్లగ్గులకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉంటే దాని వ్యాక్యూమ్ గొట్టాన్ని కార్బురేటర్ వైపు ఊడదీసి నోటితో పీల్చండి: లోపలి ప్లేటు కదలాలి, నాలుక అడ్డం పెడితే అలాగే నిలవాలి.

క్లీనర్ చిరిగిన డయాఫ్రాన్ని అతకదు, ఫిల్టర్లో తుప్పును కరిగించదు.

ఐడ్లింగ్ పెంచడం మాత్రం ప్రమాదం. లోపం అలాగే ఉంటుంది, ఓవర్‌టేక్ మధ్యలో ఇంజన్ ఆగుతుంది. బ్రేకుకు బలమిచ్చే బూస్టర్లో మిగిలిన వ్యాక్యూమ్ ఒకటి రెండు బ్రేకులకే సరిపోతుంది, తర్వాత పెడల్ రాయిలా బిగుస్తుంది. పవర్ స్టీరింగ్ ఉంటే అదీ బరువెక్కుతుంది.