బారీ శాండర్స్ 4,371 అడుగుల కథ

ఈ ఒకే మెసేజ్ నాకు రావడం ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట బావమరిది పంపాడు, తర్వాత నోవైలో ఉండే క్లాస్‌మేట్, నిన్న మా తెలుగువాళ్ల గ్రూపులో ఒక బాబాయిగారు, కింద రెండు దండాల బొమ్మలు తగిలించి మరీ. "గమ్యానికి ఒక్క అడుగు దూరంలో ఆగిపోయినవాడి కథ" అట. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డెట్రాయిట్ లయన్స్ ఆటగాడు బారీ శాండర్స్ 1999లో, బంతి పట్టుకుని అందరికన్నా ఎక్కువ దూరం పరిగెత్తిన రికార్డు చేతికందబోతుంటే దెబ్బలకి జడిసి పారిపోయాడట. జట్టుని గెలిపించలేదట. ఇప్పటికీ కుమిలిపోతున్నాడట. పిల్లలకి చదివి వినిపించాలట.

పొట్టివాడని మొదట ఎవరూ తీసుకోలేదన్న ముక్క కూడా ఉంది. జట్లు వరసగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే 1989 డ్రాఫ్ట్‌లో పిలిచిన మూడో పేరే అతనిది. సరే, వదిలేద్దాం.

ఆ "ఒక్క అడుగు" సంగతి చూద్దాం. అప్పటి రికార్డు వాల్టర్ పేటన్‌ది, మొత్తం ఆటజీవితంలో 16,726 యార్డులు, బారీవి 15,269. తేడా 1,457 యార్డులు, అంటే 4,371 అడుగులు. ముందు సీజన్లో 1,491 చేసినవాడు కాబట్టి ఇంకో ఏడాది ఆడితే అందేదే, కాదనను. కానీ అతనికది కావాలని మీకెవరు చెప్పారు? తొలి ఏడాది చివరి మ్యాచ్‌లో, లీగ్ మొత్తంలో అందరికన్నా ముందుండటానికి 10 యార్డులు తక్కువ పడ్డాయి. మళ్లీ దిగుతావా అని కోచ్ అడిగితే, మ్యాచ్ ఎటూ గెలిచేశాం కదా అని వద్దన్నాడు. ఆ పేరు వేరే జట్టువాడు క్రిస్టియన్ ఒకోయేకి పోయింది. అలాంటివాణ్ణి పట్టుకుని రికార్డు కోసం ఏడిపిస్తున్నారు.

గెలిపించలేదా? పదేళ్లలో ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో, ఒకే ఒక్క గెలుపు, నిజమే. బంతి పట్టుకుని పరిగెత్తేవాడే వెళ్లి అవతలి జట్టుని కూడా ఆపాలి కాబోలు!

నాకు ఒళ్లు మండింది "భయం" దగ్గర. 1991లో అతని జట్టులోని మైక్ అట్లీ మైదానంలో పడి, మళ్లీ మామూలుగా నడవలేకపోయాడు. 1997 డిసెంబరు 21న పాంటియాక్‌లో బారీ ఆ సీజన్లో 2,000 యార్డులు దాటాడు. ఆ మ్యాచ్‌లోనే అతని జట్టువాడే రెజ్జీ బ్రౌన్ మెడకి దెబ్బ తగిలి ఊపిరి ఆగింది. అందరూ చూస్తుండగా అక్కడే ఊపిరి పోసి బతికించారు. అతని ఆట ఆ రోజుతో సరి. అది కళ్లారా చూసి కూడా బారీ మరుసటి ఏడాది 16 మ్యాచ్‌లూ ఆడాడు. పారిపోయినవాడు చేసే పనేనా ఇది? పోనీ, నిజంగా భయమే వేసిందనుకుందాం. వేస్తే తప్పేంటి? మావాడు హైస్కూల్లో ఆడతాడు. తల దిమ్మెక్కితే వెంటనే కోచ్‌కి చెప్పరా నాయనా అని ప్రతి శుక్రవారం బతిమాలుకుంటాను. వాడికి నేను చదివి వినిపించాల్సింది ఇదా? చెప్పకుండా ఆడేవాడే వీరుడనా? బాబాయిగారూ, మీ మనవడైతే పంపేవారా?

కుమిలిపోవడమంటారా, 2004లో ఆ ఆట దిగ్గజాలకిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం, 2023లో లయన్స్ స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్ బయట విగ్రహం. అందరం ఇలాగే కుమిలిపోదాం.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. సీజన్‌కి ముందు జట్టు శిక్షణ క్యాంపు మొదలవబోతుండగా, ఆట మానేస్తున్నానని, సొంతూరు విచిటా పేపరుకి ఒక ఫ్యాక్స్ పంపి వెళ్లిపోవడం బాగాలేదు. బోనస్ డబ్బు వెనక్కివ్వమని జట్టు పట్టుబడితే మధ్యవర్తి కూడా జట్టు వైపే తీర్పిచ్చాడు. అప్పట్లో బారీ 20 నంబరు చొక్కా తీసి అటక మీద పడేసిన మా ఆఫీసు పెద్దాయన ఇప్పటికీ ఆ ఫ్యాక్స్ మాటెత్తితే మొహం తిప్పుకుంటాడు. ఆయన్ని నేనేమీ అనలేను.