ఆ సింధు మెసేజ్ ఇంకోసారి పంపే ముందు ఇది చదవండి

పొద్దున లేచేసరికి మూడు గ్రూపుల్లో అదే మెసేజ్. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఒకడు పెట్టాడు, అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీ గారు పెట్టారు, ఇక ఫ్యామిలీ గ్రూపులో మా బాబాయి సంగతి చెప్పక్కర్లేదు, పైన జెండాలు, కింద దండాలు. "సింధు నాగరికత గురించి మీ పాఠ్యపుస్తకాలు దాచిన 7 నిజాలు". రెండేళ్లుగా తిరుగుతోంది ఇది. మొదట్లో నవ్వుకున్నా, తర్వాత మ్యూట్ చేశా. నిన్న మా అక్క కూతురు, ఎనిమిదో తరగతి, ఇందులోంచే మూడు పాయింట్లు చార్ట్ మీద రంగు స్కెచ్‌పెన్నులతో ఎక్కించి "మామయ్యా, బాగుందా?" అని ఫొటో పంపింది. ఇక ఊరుకోలేక రాస్తున్నా.

ఒకటో నిజం: బ్రిటిష్ వాళ్లు ఈ నాగరికతను ప్రపంచానికి తెలియకుండా దాచారట. బాబాయ్, దాచేవాళ్లు ఇలా చేయరు. హరప్పాలో దయారాం సాహ్నీ 1921లో, మొహెంజొదారోలో రాఖాల్‌దాస్ బెనర్జీ 1922లో తవ్వకాలు మొదలుపెడితే, 1924 సెప్టెంబరులో పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ ఏకంగా లండన్ వారపత్రికలో ఫొటోలతో సహా వేయించాడు. ఇంతకు మించిన టముకు ఏముంటుంది? అయితే ఒకటి ఒప్పుకుంటాను, బ్రిటిష్ వాళ్లను తిట్టాలంటే అసలు కారణం వేరే ఉంది. అంతకు అరవై, డెబ్బై ఏళ్ల ముందు లాహోర్-ముల్తాన్ రైలు మార్గం వేసేటప్పుడు హరప్పా దిబ్బల్లోంచి ఇటుకలు పెరుక్కుపోయి పట్టాల కింద కంకర బదులు పోశారు, దాదాపు వంద మైళ్ల పొడవున. నాలుగు వేల ఏళ్లు నిలిచిన గోడలవి. మెసేజ్ రాసినాయనకు ఇంత చక్కటి నిజం అందుబాటులో ఉంటే దాన్ని వదిలేసి అబద్ధం వండుకున్నాడు.

రెండోది, యునెస్కో దీన్ని "ప్రపంచంలోకెల్లా గొప్ప నాగరికత"గా ప్రకటించిందని. యునెస్కో అలాంటి పోటీలు పెట్టదు. మొహెంజొదారో 1980లో, గుజరాత్‌లోని ధోలావీరా 2021లో వారసత్వ జాబితాలోకి వచ్చాయి. అంతే.

మూడోది మరుగుదొడ్లు, మురుగు కాలువలు. ఇది నిజమే, ఒక్క మాట కూడా కాదనను. చాలా ఇళ్లలో స్నానాల గది, అక్కడి నుంచి వీధి కాలువలోకి ఇటుక తూము, కాలువ మీద మూత, మధ్యమధ్య మడ్డి దిగడానికి గుంతలు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చినది ఇంకొకటి ఉంది. తవ్వేటప్పుడు కొన్ని కాలువల పక్కనే చిన్న చిన్న ఇసుక కుప్పలు కనిపించాయి. ఏమిటవి? పూడిక తీసినవాళ్లు తీసింది తీసినట్టు గట్టు మీదే పోసి వెళ్లిపోయారు! మా వీధిలో మొన్న వర్షాలకు ముందు పోసిన కుప్ప ఇంకా అలాగే ఉంది. నాలుగున్నర వేల ఏళ్ల నాటి మనిషి నాకింత దగ్గరగా ఎప్పుడూ అనిపించలేదు. ఈ సంగతి మెసేజ్‌లో లేదు, ఉండదు కూడా, ఎందుకంటే ఇందులో బ్రహ్మాస్త్రం లేదు.

బ్రహ్మాస్త్రం అంటే నాలుగో పాయింటు. పిల్ల చార్ట్ మీద ఎర్ర రంగుతో రాసింది కూడా ఇదే. మొహెంజొదారో అణుబాంబుతో నాశనమైంది, వీధుల్లో పరుగెడుతూ పడిపోయిన అస్థిపంజరాలు దొరికాయి, వాటిలో మామూలు కంటే 50 రెట్లు రేడియేషన్ ఉంది, ఇటుకలు కరిగి గాజయ్యాయి, ఇదంతా మహాభారతంలో ముందే రాసి ఉంది.

ముందు గోడల సంగతి చూద్దాం. మొహెంజొదారో ఫొటో ఏదైనా తెరవండి. మనిషి కంటే ఎత్తు గోడలు వరసగా నిలబడి ఉంటాయి, వీధి తిన్నగా ఉంటుంది, బావి చుట్టూ కట్టిన ఇటుకలు చెక్కుచెదరలేదు. కింద దిమ్మలైతే కాల్చని పచ్చి ఇటుకలతో కట్టినవి. ఊరందరినీ చంపి, పచ్చి ఇటుకను మాత్రం పలకరించి వదిలేసిన బాంబన్నమాట. బాంబు చేసినవాడికి పుణ్యమే రావాలి.

ఇక రేడియేషన్. ఆ ఎముకల మీద ఫలానావాళ్లు ఫలానా కొలత తీశారని ఈ మెసేజ్ ఎక్కడా చెప్పదు, 50 రెట్లు అంటుంది, అంతే. పోనీ బాంబు పడిందనే అనుకుందాం. పేలుడు తర్వాత దశాబ్దాల పాటు పీడించే సీజియం-137 30 ఏళ్లకోసారి సగమవుతుంది. 4000 ఏళ్లంటే 130 సార్లకు పైగా సగం. మీ దగ్గరున్న కోటి రూపాయలను పాతికసార్లు సగం చేసి చూడండి, ముప్పై పైసలు మిగులుతాయి, ఇంకా వంద సార్లకు పైగా సగం చేయాల్సి ఉంది.

గాజైన ఇటుకలకు బ్రహ్మాస్త్రం అక్కర్లేదు, ఇటుక బట్టీ చాలు. మంట ఎక్కువ తగిలినచోట ఇటుకలు నల్లబడి, పైన నిగనిగలాడుతూ ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దవుతాయి, ఆ ముద్దలు ఎవరూ కొనరు, పక్కన పడేస్తారు. మొహెంజొదారోలో 1000 డిగ్రీలకు పైగా వేడిచేసి చేతికి వేసుకునే, రాయిలాంటి గట్టి మట్టిగాజులు చేసేవాళ్లు ఉండేవారు. అలాంటి ఊళ్లో కరిగిన మట్టి ముద్దలు దొరక్కపోతేనే ఆశ్చర్యపోవాలి.

అస్థిపంజరాల దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు. అవి నిజంగానే దొరికాయి, నలభైకి అటూఇటూగా. వేల మంది బతికిన ఊళ్లో నలభై, అదీ వేర్వేరు పొరల్లో, వేర్వేరు కాలాలవి, కొన్ని గబగబా పూడ్చిపెట్టినవి. 1940ల్లో మార్టిమర్ వీలర్ అనే పురావస్తు అధికారి వీటిని చూసి, వేదంలో ఇంద్రుడు పురందరుడు కదా, కోటలు కూల్చేవాడు కదా, కాబట్టి ఆర్యులు వచ్చి ఈ ఊరిని ఊచకోత కోశారని తేల్చేశాడు. 1964లో జార్జ్ డేల్స్ పొరలన్నీ మళ్లీ పరిశీలించి ఊచకోత అనేదే జరగలేదని రాశాడు. తర్వాత ఎముకలు చూసినవాళ్లకు ఒకరిద్దరి మీద తప్ప దెబ్బల గుర్తులు కనిపించలేదు, అందులో ఒకటి ముందే మానిన గాయం. కథ మాత్రం చావలేదు. ఒక గ్రూపులో అవే ఎముకలు అణుబాంబుకు సాక్ష్యం, ఇంకో గ్రూపులో "వాళ్లు వచ్చి మనవాళ్లను నరికారు" అనడానికి సాక్ష్యం. జబ్బుతోనో వయసుతోనో పోయిన మనుషులను పట్టుకొచ్చి, ఇవాళ ఎవరిని ద్వేషించాలో చెప్పడానికి వాడుకోవడం ఇది. నా కోపమంతా ఇక్కడే. అన్నట్టు ఈ బాంబు కథ మన తాతలు చెప్పిందేమీ కాదు, 1979లో ఇటలీలో అచ్చయిన ఒక పుస్తకంతో బాగా ప్రచారమైంది. బ్రిటిష్ వాళ్లు చెప్పింది నమ్మొద్దు, ఇటలీలో అచ్చయితే మాత్రం పరమ సత్యం!

మరి ఊరు ఏమైంది? ఒక్క రోజులో ఏమీ కాలేదు. క్రీ.పూ. 1900 ప్రాంతం నుంచి వానలు తగ్గాయి, నదుల తీరు మారింది, దూరదేశాల వ్యాపారం పడిపోయింది, తరాల తరబడి జనం తూర్పుకీ దక్షిణానికీ, చిన్న చిన్న పల్లెల్లోకి జరిగిపోయారు. ఊళ్లో పని లేక హైదరాబాదు వెళ్లిపోయినవాళ్ల ఇళ్లు మన పల్లెల్లో తాళాలు వేసి కూలుతున్నాయి, వాటి మీద ఎవడు బాంబు వేశాడు? ఇప్పుడు మొహెంజొదారో ఇటుకలను నిజంగా పొడి చేస్తున్నది భూమిలోంచి నీటితో పైకి వచ్చే ఉప్పు. దాని మీద ఎవరూ ఫార్వార్డ్ రాయరు.

ఐదోది, రాజులు లేరు, సైన్యం లేదు, హింసే లేదు. సగం సరే. ఇదిగో రాజు గారి మేడ అని గట్టిగా చూపించగలిగింది దొరకలేదు, "పురోహిత రాజు" అనేది తవ్వినవాళ్లు ఒక చిన్న రాతి బొమ్మకు పెట్టిన పేరు. కానీ ధోలావీరా చుట్టూ అంత మందం గోడలు ఊరికే కట్టలేదు, హరప్పా సమాధుల్లో దెబ్బలు తిన్న పుర్రెలూ ఉన్నాయి. దేవతలు కారు, మనుషులే.

ఏడోది ముందు చెప్పేస్తా. ఈజిప్టు వాళ్లకు, మెసపొటేమియా వాళ్లకు రాత నేర్పింది మనమేనట. మెసపొటేమియాలోని (ఇప్పటి ఇరాక్) ఉరుక్ నగరంలో మట్టి పలకల మీద లెక్కలు రాసింది క్రీ.పూ. 3300 ప్రాంతంలో. మన పెద్ద నగరాలు వెలిసింది క్రీ.పూ. 2600 నుంచి. మనవడు తాతకు అక్షరాభ్యాసం చేసినట్టుంది.

ఆరోది, నాసా కంప్యూటర్లు సింధు లిపిని చదివేశాయి, అది తెలుగే. దీన్ని లైక్ చేసినవాళ్లు మా గ్రూపులో పద్నాలుగు మంది. దాదాపు 400 గుర్తులు, ఒక్కో ముద్ర మీద సగటున ఐదు గుర్తులు, ఒకే వైపు చెక్కినవాటిలో అన్నిటికంటే పొడవైనది పదిహేడు. ఇంకో తెలిసిన భాషలో పక్కనే రాసిపెట్టిన శాసనం ఒక్కటీ దొరకలేదు. తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో చదివినవాళ్లకు 10 లక్షల డాలర్లు ఇస్తామంది. నాసా ఇంకా తీసుకోవడానికి వెళ్లినట్టు లేదు. మన తొలి తెలుగు శాసనంగా చెప్పే కలమళ్ల శాసనం క్రీ.శ. 575 నాటిది, మధ్యలో ఖాళీ రెండున్నర వేల ఏళ్లు. ద్రావిడ భాష కావచ్చు అనే వాదన మాత్రం తీసిపారేసేది కాదు, పెద్ద పండితులే చేశారు. ముద్రల మీద చేప గుర్తు ఉంటుంది, తమిళంలో మీన్ అంటే చేపా, చుక్కా కూడా. బాగుంది. మనకు మీను నిఘంటువులో మిగిలింది, నోట్లో చేప, ఆకాశంలో చుక్క, రెండింటికీ పొంతనే లేదు.

ఆ సింధు భాష వచ్చినవాడి పేరు ఒకటి మాత్రం మనకు తెలుసు. శు-ఇలిషు. మెసపొటేమియాలో అక్కద్ రాజుల కాలం మనిషి. ఆ దేశంవాళ్లు సింధు ప్రాంతాన్నే మెలుహ్హా అనేవారని చాలామంది పండితుల మాట, అక్కడి పడవలు తన రేవులో ఆగుతున్నాయని సార్గోన్ చక్రవర్తి గొప్పగా చెప్పుకున్నాడు. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో శు-ఇలిషు ముద్ర ఉంది, దాని మీద ఒక మనిషి మేకను పట్టుకుని వస్తుంటాడు, పక్కన "మెలుహ్హా భాష దుబాసీ" అని చెక్కి ఉంటుంది. రేవులో ఎర్రరాతి పూసల బేరం కుదిర్చి ఉంటాడు, రెండు వైపులా తిట్లు తిని ఉంటాడు. పేరు చెక్కించుకున్నాడు గానీ, ఆ భాషలో ఒక్క మాట కూడా పక్కన రాసి పెట్టలేదు మహానుభావుడు.