డయోరమా కట్టేముందే చోటు చూసుకోవాలి

యుద్ధ డయోరమా, అంటే యుద్ధ దృశ్యాన్ని చిన్న బొమ్మలతో చూపే నమూనా, కట్టేవారు యూనిఫాం బొత్తాం రంగు కోసం రాత్రిళ్లు పుస్తకాలు తిరగేస్తారు. పని పూర్తయ్యాక అది ఎక్కడుండాలన్నది మాత్రం చివరికి వదిలేస్తారు. మొదట తేల్చుకోవాల్సింది అదే.

నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధపు నమూనానే చూడండి. 1830లో దాన్ని కట్టే పని బ్రిటిష్ అధికారి విలియం సైబోర్న్‌కు దక్కింది. ఆయన యుద్ధభూమిలోనే ఎనిమిది నెలలు మకాం వేసి ఎత్తుపల్లాలు కొలిచారు. 1815 జూన్ 18 సాయంత్రం ఏడింటికి మీ దళం ఎక్కడుంది, చుట్టుపక్కల చేలల్లో ఏ పైరుంది అంటూ నాటి అధికారులకు లేఖలు రాశారు. పైరు సంగతి కూడా అడిగారంటే ఆ పనిమీద ఆయనకెంత పట్టుందో తెలుస్తుంది. 1833లో ప్రభుత్వం నిధులు ఆపేసినా అప్పులు చేసి పూర్తిచేశారు. 1838లో లండన్‌లో ప్రదర్శిస్తే జనం షిల్లింగ్ చొప్పున ఇచ్చి తండోపతండాలుగా వచ్చారు. అయినా అప్పులు తీరలేదు. 70 వేలకు పైగా బొమ్మలున్న, సుమారు 400 చదరపు అడుగుల నమూనాను పెట్టుకునేదెవరు? 1849లో ఆయన కన్నుమూశాకే అది సైనికాధికారుల సంస్థ చేతికి వెళ్లింది. ఇప్పుడు లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. దానికి ఆధారమైన లేఖలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

మ్యూజియాలు వద్దంటే మనసు కష్టపెట్టుకుంటాం కానీ, వాటి ఇబ్బందులు వాటికుంటాయి. స్థలం, అద్దాల పెట్టె, దుమ్ము, వెలుతురు అన్నీ చూసుకోవాలి. సీసపు బొమ్మలైతే మరీ కష్టం. ఓక్ చెక్క పెట్టెలో మూసి ఉంచితే కలప వదిలే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లగా పొడిబారిపోతుంది. ఏళ్ల తరబడి వేసిన రంగు పొడితోపాటే రాలిపోతుంది. పెట్టె దేనితో చేస్తున్నామన్నది బొమ్మలు పోతపోయడమంత ముఖ్యం.

అందుకే పెద్ద మ్యూజియం వెంట పడేకంటే, ఆ యుద్ధంతో సంబంధమున్న రెజిమెంట్ మ్యూజియాన్నో, ఆ ఊరి గ్రంథాలయాన్నో ముందుగా అడగడం మంచిదని నా అభిప్రాయం. వాళ్ల తలుపు వెడల్పు కొలిచి, అందులోంచి పట్టే ముక్కలుగా నమూనా నేలను విడదీసి కట్టాలి. ఏ దళాన్ని ఏ ఆధారంతో ఎక్కడ నిలబెట్టారో, ఎక్కడ ఊహించారో రాసిన ఫైలు కూడా నమూనాతోపాటే అప్పగించాలి. అది లేకపోతే పరిశోధకుడికి మిగిలేది అందమైన బొమ్మల కొలువే. ఇచ్చేది విరాళంగానా, అరువుగానా అన్నది కాగితం మీద పెట్టుకోవాలి. రేపు వాళ్లకు అక్కర్లేకపోతే ఎవరికి తిరిగివ్వాలో కూడా అందులోనే రాసుకోవాలి.