చెంచాడు పిండితో సీలియాక్ తగ్గిస్తారట

మళ్ళీ వచ్చింది ఆ మెసేజ్. ఈసారి పంపింది బాగా చదువుకున్న స్నేహితుడే, కింద దండం బొమ్మ కూడా పెట్టాడు. "సీలియాక్‌కు మందు లేదని భయపెడతారు, నమ్మకండి" అని మొదలవుతుంది. సీలియాక్ అంటే గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు. ఈ జబ్బు హైబ్రిడ్ గోధుమ వల్ల వచ్చిందట, పాతకాలపు గోధుమ తింటే ఏమీ కాదట. పరీక్షలు దండగట, గోధుమ మానేసి చూసుకుంటే చాలట. ఎంజైమ్ మాత్ర వేసుకుంటే గ్లూటెన్ అరిగిపోతుందట. అన్నిటికీ మించి, మూడు నెలలు మానేశాక రోజుకో చెంచాడు పిండితో మొదలుపెడితే ఒంటికి అలవాటైపోతుందట. ఎందుకంటే తిండి మానడం అసలు వైద్యమే కాదట.

జబ్బేమో నాది, ధీమా అంతా వాళ్ళది.

హైబ్రిడ్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. లండన్‌లో శామ్యూల్ జీ అనే డాక్టరు ఈ జబ్బు గురించి రాసింది 1888లో. వీళ్ళు హైబ్రిడ్ అంటున్న పొట్టి గోధుమ వంగడాలు పెద్దఎత్తున పొలాల్లోకి వచ్చింది 1960ల్లో. పాతకాలపు గోధుమలోనూ గ్లూటెన్ ఉంది.

ఎంజైములు ల్యాబ్‌లో గ్లూటెన్‌ను ముక్కలు చేస్తాయి, నిజమే. కడుపు నిండా తిండి ఉన్నప్పుడు, అది చిన్నపేగు చేరేలోపు, మొత్తాన్నీ ముక్కలు చేసే మాత్ర మాత్రం ఏ షాపులోనూ లేదు.

"మానేసి చూడండి" అన్నది వినడానికి అమాయకంగా ఉంటుంది కానీ తర్వాత ఏడిపిస్తుంది. రక్తపరీక్ష వెతికేది గ్లూటెన్ తింటున్నప్పుడు పుట్టే యాంటీబాడీలను. మానేస్తే అవి తగ్గిపోతాయి, పేగూ కోలుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు పరీక్షకు వెళ్తే జబ్బు లేదని రావచ్చు. సరిగ్గా తేలాలంటే వారాల తరబడి మళ్ళీ గోధుమ తినాలి. ఆ కడుపునొప్పి మెసేజ్ పంపినవాళ్ళు పంచుకోరు.

ఇక చెంచా. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. వేరుశెనగ అలర్జీ ఉన్నవాళ్ళకు కొద్దికొద్దిగా తినిపించి అలవాటు చేస్తున్నారు కదా అని వాదిస్తారు. చేస్తున్నారు, డాక్టర్ల పర్యవేక్షణలో. కానీ అది అలర్జీ. సీలియాక్‌లో రోగనిరోధక వ్యవస్థ మన పేగు మీదే దాడి చేస్తుంది. గ్లూటెన్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకున్న టి కణాలు అనే రోగనిరోధక కణాలు ఏళ్ళ తరబడి ఒంట్లోనే ఉంటాయి, మూడు నెలల్లో మరిచిపోవు. ఒంటికి అలవాటు చేయాలన్న ఆలోచన శాస్త్రవేత్తలకూ వచ్చింది. గ్లూటెన్‌లోని చిన్న ముక్కలతో నెక్స్‌వాక్స్2 అనే టీకా తయారుచేసి రోగుల మీద పరీక్షించారు. గ్లూటెన్ తిన్నప్పుడు అది కాపాడలేకపోయింది, 2019లో ఆపేశారు. వాళ్ళ టీకా చేయలేనిది మన వంటింటి చెంచా చేస్తుందన్నమాట!

అసలు చెంచా అంటే ఎంతో తెలుసా? 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో రోగులకు రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలపాటు ఇచ్చి చూశారు. పేగు లోపలి గోడ మీద ఆహారాన్ని పీల్చుకునే సన్నని వేళ్ళలాంటి ఆంత్రచూషకాలు దెబ్బతిన్నాయి. ఒక బ్రెడ్ ముక్కలో సుమారు 2 గ్రాములు ఉంటుంది, అంటే అందులో నలభయ్యో వంతు చాలు. చెంచాడు పిండిలో దానికి ఎన్నో రెట్లు. పైగా "నేను తిన్నాను, నాకేం కాలేదు" అనే సాక్ష్యాలొకటి. ఏమీ అనిపించకపోవడానికీ ఏమీ జరగకపోవడానికీ తేడా ఉంది. విరేచనాలు, ఉబ్బరం ఏమీ లేకుండానే లోపల పేగు పాడవుతూ ఉండొచ్చు. చివరికి బయటపడేది ఎంతకీ తగ్గని రక్తహీనతగానో, తేలిగ్గా విరిగిన ఎముకగానో.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. "తిండి మానడం వైద్యం కాదు" అన్న దాంట్లో సగం నిజం ఉంది. గ్లూటెన్ మానడం జబ్బును అదుపులో పెడుతుంది, పోగొట్టదు. పెద్దవాళ్ళలో చాలామందికి ఖచ్చితంగా పథ్యం చేసినా రెండేళ్ళకు కూడా పేగు పూర్తిగా కోలుకోదు. "గోధుమ, బార్లీ, రై తినకండి" అని ఒక్క వాక్యం చెప్పి పంపేస్తే రోగి ఇలాంటి మెసేజ్‌ల పాలవకుండా ఏమవుతాడు? ఐరన్, బి12, విటమిన్ డి చూడాలి, ఎముకల బలం చూడాలి, యాంటీబాడీలు తగ్గుతున్నాయో లేదో చూస్తూ ఉండాలి. పథ్యానికీ లొంగని అరుదైన రకానికి బ్యూడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్లు వాడతారు. కొత్త మందుల కోసం పరిశోధనలూ జరుగుతున్నాయి. లారజొటైడ్ అనే మందు మీద ఆశలు పెట్టుకుంటే 2022లో చివరి దశ ప్రయోగంలో ఆగిపోయింది. ఆ రోజు నాకూ బాధేసింది. ఎల్లకాలం లేబుళ్ళు చదువుతూ బతకడం ఎవరికి సరదా?

ఈ మెసేజ్ చూసి ఇప్పటికే చెంచా మొదలుపెట్టినవాళ్ళుంటే ఆపేయండి. డాక్టరు దగ్గర ఆ సంగతి దాచకండి. దాస్తే యాంటీబాడీల అంకె ఎందుకు పెరిగిందో అర్థంకాక, మీ తిండిలో పొరపాటున గ్లూటెన్ ఎక్కడ కలుస్తోందా అని ఆయన వెతుకుతూ కూర్చుంటారు.