గున్‌బ్యోర్న్: ఎత్తు కాదు, దూరమే పరీక్ష

గున్‌బ్యోర్న్ శిఖరం ఎత్తు 3,694 మీటర్లు. హిమాలయాల్లో ఆ ఎత్తున ఊళ్లున్నాయి. కానీ ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఇంతకు మించిన కొండ లేదు. తూర్పు గ్రీన్‌లాండ్‌లోని వాట్కిన్స్ పర్వతాల్లో, మంచు పలకను చీల్చుకుని పైకి లేచిన నల్లరాతి కొండ ఇది. పక్కనున్న డోమ్ శిఖరం దీనికన్నా 11 మీటర్లే తక్కువ.

ఆ రాయి మనకు కొత్తదేమీ కాదు. వికారాబాద్, జహీరాబాద్ వైపు కనిపించే బసాల్టు లాంటిదే. లావా పొరలు పొరలుగా పారి గడ్డకట్టింది. దక్కన్‌లో అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి మాట. గ్రీన్‌లాండ్‌లో దాదాపు కోటి ఏళ్ల తర్వాత జరిగింది.

1930-31లో బ్రిటిష్ అన్వేషకుడు గినో వాట్కిన్స్ బృందం విమానం నుంచి ఈ పర్వతాలను చూసింది. మరుసటి ఏడాదే ఆయన కయాక్‌లో (సన్నటి చిన్న పడవలో) వేటకెళ్లి చనిపోయాడు. 1935 ఆగస్టు 16న బ్రిటన్‌కు చెందిన కోర్టాల్డ్, లారెన్స్ వేజర్, లాంగ్‌లాండ్, డెన్మార్క్‌కు చెందిన ఎబ్బె మున్క్ తదితరులు శిఖరం చేరారు. వీళ్లలో వేజర్ అంతకు రెండేళ్ల ముందే ఎవరెస్టుపై ఆక్సిజన్ సిలిండర్ లేకుండా దాదాపు 8,570 మీటర్ల దాకా వెళ్లినవాడు. అంతటివాళ్లకూ ఇక్కడ అసలు పని శిఖరం మీద కాదు, తీరం నుంచి హిమానీనదాల మీదుగా స్లెడ్జిలు (మంచుపై జారే బండ్లు) లాగడంలో ఉంది. రెండోసారి మనిషి పైకి చేరింది 1971లోనే.

ఇప్పుడు ఐస్‌లాండ్ నుంచి సుమారు 400 కిలోమీటర్లు, స్కీలు బిగించిన ట్విన్ ఆటర్ విమానం హిమానీనదం మీదే దింపుతుంది. అక్కడి నుంచి శిఖరానికి ఒక్క రోజు. తీరం నుంచి నడిచి ఎక్కడాన్ని, విమానంలో దిగి ఎక్కడాన్ని ఒకే ఆరోహణ జాబితాలో పక్కపక్కన రాయడం సరికాదని నా వాదన. ఎలా చేరారో కూడా ఆ జాబితాలో ఉండాలి.

విమానం దూరాన్ని తగ్గించింది గానీ ప్రమాదాన్ని కాదు. మంచు చీలికలపై పేరుకున్న పల్చటి మంచు వంతెనలు ఎండకు మెత్తబడతాయి. అందుకే చలి ఎక్కువగా ఉండే రాత్రివేళ, తాడు కట్టుకుని నడవాలి. ధ్రువాల దగ్గర గాలి పీడనం తక్కువ కాబట్టి, అదే ఎత్తు భూమధ్యరేఖ దగ్గరకన్నా ఎక్కువగా అనిపిస్తుంది. తాగే ప్రతి చుక్కా మంచు కరిగించుకున్నదే. మనిషికి రోజుకు పావు లీటరు స్టవ్ ఇంధనం లెక్కేసుకోవాలి. చాలామంది పొరబడేది ఇక్కడే: ఎక్కే రోజులకే లెక్క కడతారు. మబ్బు పట్టి నేలా ఆకాశం ఒకే తెలుపైతే పైలట్‌కు మంచు ఎక్కడుందో కనిపించదు, దిగడు. అందుకని తిరుగు విమానం కోసం ఎదురుచూసే వారం రోజులకు తిండి, ఇంధనం విడిగా మూట కట్టి, శిబిరంలో జెండా కర్ర గుచ్చి పాతిపెట్టాలి.