బాత్రూం వాటం టైల్స్ మేస్త్రీకి వదిలేయకండి

బెంగళూరులో ఫ్లాట్ కొని ఇంటీరియర్స్‌కి లక్షలు పోసే మనవాళ్ళు బాత్రూంలో టైల్ రంగు చూస్తారు, కుళాయి కంపెనీ చూస్తారు. షవర్ కింద నేల ఎలా కట్టారో మాత్రం అడగరు. రెండు మూడేళ్ళకి కింది ఫ్లాట్ సీలింగ్ మీద పసుపు మరక పడుతుంది, అసోసియేషన్ గ్రూపులో గొడవ మొదలవుతుంది. ఎవరో వచ్చి టైల్స్ సందుల్లో ఎపాక్సీ అనే జిగురు నింపి డబ్బులు తీసుకుని పోతారు. కొన్నాళ్ళు ఆగుతుంది, తర్వాత మళ్ళీ అదే మరక.

వాటం, అంటే నీళ్ళు జారిపోవడానికి నేలకిచ్చే వాలు, టైల్ పరిచేటప్పుడు సుత్తితో కొట్టి సర్దేది కాదని నేను గట్టిగా చెబుతాను. ముందు మాలులో, అంటే టైల్ కింద వేసే సిమెంటు, ఇసుక కలిపిన ముద్దలో వాటం రావాలి. ఆ వాటం మీద వాటర్‌ప్రూఫింగ్ కోటు పడాలి. టైల్ ఆ తర్వాతే. ఈ వరస తప్పితే ఎంత ఖరీదైన సామాను తెచ్చినా ప్రయోజనం లేదు.

ఎందుకంటే టైల్స్ పరిచిన నేల నీళ్ళని పూర్తిగా ఆపదు. టైల్ బిళ్ళ ఆపుతుంది కానీ సందుల్లోని సిమెంట్ గ్రౌట్ పీల్చుకుంటుంది, ఎపాక్సీ పెట్టినా గోడ మూలల్లో ఎప్పుడో ఒకప్పుడు జుట్టంత చీలిక వస్తుంది. మన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి బాత్రూం స్లాబు ఎనిమిది అంగుళాల నుంచి అడుగు దాకా కిందికి దించి ఉంటుంది. దాని మీద ఒక కోటు కొట్టి, పైపులు వేసి, ఇటుక ముక్కలతోనో సిండర్‌తోనో (బొగ్గు కిట్టం) నింపి, పైన కాంక్రీటు పోసి టైల్స్ మేస్త్రీకి అప్పజెబుతారు. ఆయన రెండంగుళాల తడి మాలు పోసి, ఒక్కో టైల్‌నీ నీళ్ళు పోయే జాలీ వైపు కాస్త కాస్త వంచుకుంటూ పోతాడు. పైకి చూస్తే నీళ్ళు జాలీలోకే వెళ్తుంటాయి. సందుల్లోంచి దిగిన నీళ్ళు మాత్రం మాలులోకి, అక్కణ్ణించి నింపుడులోకి, చివరికి అడుగున చదునుగా ఉన్న స్లాబు మీదికి చేరతాయి. అక్కడ వాటం లేదు, బయటికి దారీ లేదు. ట్రాప్ (జాలీ కింద నీళ్ళు మురుగు పైపులోకి దిగే గిన్నె) నోరేమో అడుగు పైన ఉంది. అంటే మీ బాత్రూం కింద మీకు తెలియకుండా ఒక నీళ్ళ తొట్టి తయారైంది. పైపు స్లాబుని దాటే చోట సూది బెజ్జం ఉన్నా చాలు, కింది ఇంటికి కారుతుంది. ఎంత కడిగినా పోని ముక్కిన వాసన, సందుల్లో తుడిచినా మళ్ళీ పూసే తెల్ల ఉప్పు కనిపిస్తే లోపల మాలు ఆరడం లేదేమోనని అనుమానించాలి.

స్లాబు మీద కోటు వద్దనడం లేదు, అది ఉండాల్సిందే. కానీ అసలు కాపలా కాసేది టైల్‌కి వెంటనే కింద, వాటం మీద పడే రెండో కోటు. డబ్బు మిగుల్చుకోవడానికి దాన్నే ఎగ్గొడతారు.

లెక్క పైనుంచి కిందికి వేసుకోవాలి. గది నేల కంటే బాత్రూం గుమ్మం దగ్గర టైల్ 15 నుంచి 20 ఎంఎం కిందికి ఉండాలి. టైల్‌కీ దాన్ని అంటించే అడెసివ్‌కీ కలిపి 12 నుంచి 15 ఎంఎం పోతుంది. ట్రాప్ దగ్గర మాలు మందం 25 ఎంఎం కంటే తగ్గకూడదు, తగ్గితే బీటలిచ్చి పెచ్చులుగా లేస్తుంది. వాటం మీటరుకి 20 ఎంఎం. అమెరికా వాళ్ళు అడుగుకి పావు అంగుళం అంటారు, దాదాపు అదే. మీటరుకి 10 ఎంఎం పెడితే నీళ్ళు అక్కడక్కడా మడుగు కడతాయి. 25 దాటితే కాలికి తెలుస్తుంది, తడిలో పెద్దవాళ్ళు జారతారు.

3 అడుగులు, 4 అడుగుల షవర్ జాగా అనుకోండి, ట్రాప్ ఒక మూలన ఉంది. ఎదురు మూల 5 అడుగుల దూరం, అంటే మీటరున్నర. కాబట్టి ఆ మూల 30 ఎంఎం ఎత్తులో ఉండాలి. ట్రాప్ దగ్గర 25, ఎదురు మూల 55, సగటున 40 ఎంఎం మందం. సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు పాళ్ళలో కలిపితే సిమెంటు 18 కిలోల దాకా, ఇసుక రెండు ఘనపుటడుగుల లోపు పడుతుంది. బస్తాలో సగం కూడా కాదు. ఇంత చిన్న పనిలో మిగుల్చుకునేది ఏముందో నాకు అర్థం కాదు.

ఇక్కడ నది ఇసుక దొరకడం కష్టం, వచ్చేది రాయిని పగలగొట్టి తయారుచేసే ఎం-శాండే. కాంక్రీటుకి వాడే గరుకు రకం తీసుకోండి. ప్లాస్టరింగ్ కోసం తెచ్చిన పి-శాండ్ మిగిలింది కదా అని దాన్నే పోసేస్తారు. అది మరీ మెత్తన, నీళ్ళు ఎక్కువ అడుగుతుంది, ఈ మందంలో ముడుచుకుని పగుళ్ళిస్తుంది.

నీళ్ళ దగ్గరే పని చెడేది. పిడికిట్లో పట్టి నొక్కితే మాలు ఉండ కట్టాలి, చేతికి నీళ్ళు కారకూడదు. జారుగా కలిపితే పని త్వరగా అవుతుంది కానీ వాటం నిలవదు, జారి చదునవుతుంది. సిమెంటు పాలు పైకి తేలి పైపొర పొడిపొడిగా తయారవుతుంది, దాని మీద వేసిన కోటు పొరలా ఊడొస్తుంది. గంటలో అయిపోయేంతే కలపండి. మాలు బిగిశాక మళ్ళీ నీళ్ళు చల్లి కలిపి వాడనివ్వకండి.

కింది కాంక్రీటు ఊడ్చి, తడిపి, లేటెక్స్ కలిపిన సిమెంటు పాలు బ్రష్‌తో రాసి, అది ఆరకముందే మాలు వేయాలి. ఆరితే అంటించాల్సిన పాలే విడదీసే పొర అవుతుంది. గోడ వెంబడి మట్టం గుర్తులకి టైల్ ముక్కలు పెట్టుకుని, మాలు దిమ్మిసతో గట్టిగా కూరి, బద్దతో లాగాలి. వాటం చూడటానికి మీటరు పొడవు రసమట్టం తీసుకుని, పల్లం వైపు కొనకి కింద 20 ఎంఎం చెక్కముక్క టేపుతో అంటించండి. ట్రాప్ వైపు తిప్పి పెట్టినప్పుడు బుడగ మధ్యలో నిలిస్తే సరి. కంటిచూపుని నమ్మొద్దు, ఎంత పాత మేస్త్రీ అయినా సరే. పైన చెక్కతో రుద్ది వదిలేయాలి, ఇనుప తాపీతో నున్నగా చేస్తే కోటుకి పట్టు దొరకదు. పొడి సిమెంటు చల్లడం అసలే వద్దు. గోడ, నేల కలిసే చోట అంగుళం గుండ్రటి మలుపు కట్టించండి. మర్నాటి నుంచి ఏడు రోజులు తడి గోనెలు.

కోటు రెండు పొరలు, మొదటిది ఆరాక రెండోది దానికి అడ్డంగా. మూలల్లో, ట్రాప్ చుట్టూ ఫైబర్ జాలీ గుడ్డ. షవర్ గోడల మీద కనీసం ఆరడుగులు, మిగతా గోడల మీద అడుగు ఎత్తు. ట్రాప్ దగ్గర కోటు అంచు దగ్గరే ఆగిపోకుండా లోపలికి దిగాలి. లీకేజీలు తరచుగా ఇక్కడే మొదలవుతాయి. పీవీసీకీ సిమెంటుకీ సహజంగా పొత్తు కుదరదు, అందుకే పైపు పైభాగాన్ని ఎమరీ కాగితంతో గరుకు చేసి, చుట్టూ ముడుచుకోని గ్రౌట్ నింపాలి.

కోటు పూర్తిగా గట్టిపడ్డాక ట్రాప్ మూసి రెండంగుళాల నీళ్ళు నిలపండి, గోడ మీద పెన్సిల్ గీత పెట్టి 48 గంటలు వదలండి. ఆవిరికి కొంచెం తగ్గుతుంది, కానీ కింది సీలింగ్ పొడిగా ఉండాలి. కింది ఇంటివాళ్ళని బతిమాలైనా సరే, వెళ్ళి చూడాల్సిందే. మాలు మేస్త్రీ, కోటు వేసేవాళ్ళు, టైల్స్ మేస్త్రీ ముగ్గురూ వేరు వేరు మనుషులు, రేపు కారితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. ఈ పరీక్ష అయ్యేదాకా మొదటి ఇద్దరికీ చివరి బిల్లు ఇవ్వకండి.

టైల్ విషయానికొస్తే, ట్రాప్ మధ్యలో ఉంటే నాలుగు వైపుల నుంచీ వాటం కావాలి, రెండడుగుల టైల్ అందుకు వంగదు. ట్రాప్ నుంచి మూలలకి ఐమూలగా కోయించాలి, లేదా అడుగు టైల్ వాడాలి. ట్రాప్ మూలన ఉంటేనో, గోడ పొడవునా లీనియర్ డ్రెయిన్ (సన్నటి పొడవాటి కాలువ) పెడితేనో ఒకే పలకలా వాటం వస్తుంది, పెద్ద టైలైనా కూర్చుంటుంది. అడెసివ్ భారతీయ ప్రమాణం ఐఎస్ 15477 ప్రకారం టైప్ 2 తీసుకోండి. విట్రిఫైడ్ టైల్ నీళ్ళు పీల్చదు, సిమెంటు పాలు దానికి పట్టవు. పళ్ళ తాపీతో నిండుగా పరచాలి. ఐదు ముద్దలు పెట్టి అంటిస్తే మధ్య ఖాళీల్లో నీళ్ళు నిలుస్తాయి. జాలీ టైల్ కంటే 2 ఎంఎం కిందికి ఉండాలి. మన ఇళ్ళలో బకెట్ స్నానమే ఎక్కువ, బట్టలూ అక్కడే ఉతుకుతారు. బకెట్ నీళ్ళు ఒక్కసారి కుమ్మరిస్తే షవర్ గడి దాటి పోతాయి కాబట్టి బాత్రూం మొత్తానికీ వాటం ఉండాలి.

ఇప్పటికే కారుతున్న ఇల్లైతే టైల్స్ పగలగొట్టే ముందు ఒక పని చేయండి. మూడు రోజులు ఆ బాత్రూం వాడకుండా ఆపి, పైపుల్లో మాత్రం నీళ్ళు ఎప్పటిలాగే ఉంచండి. కింద కారడం అదే జోరుగా సాగుతుంటే ముందు అనుమానించాల్సింది నీళ్ళొచ్చే పైపుని, దానికి ప్రెషర్ పరీక్ష చేయించండి. తగ్గుతూ వస్తే నేలనో, మురుగు పైపునో. లోపల నిండిన నీళ్ళు దిగడానికి టైం పడుతుంది కాబట్టి మూడో రోజుకీ కాస్త చెమ్మ ఉంటే తొందరపడొద్దు, ఇంకో నాలుగు రోజులు చూడండి.