కషాయం తాగినా ఇన్‌హేలర్ ఆపొద్దు

ఆస్తమా ఉన్నవాళ్ల ఆహారం మీద ఓ వ్యాసం చదివాను. అందులో చెప్పిన జాగ్రత్తలు మంచివే, కానీ మందుల సంగతి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మా అమ్మ కాస్త తేలిగ్గా ఉందని రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మానేసి, మిరియాల కషాయంతో సరిపెట్టుకుంది. కార్తీక మాసం చలిలో ఓ రాత్రి మంచం పట్టె పట్టుకుని కూర్చుంది, రెండు మాటలు కలిపి చెప్పలేకపోయింది. ఆసుపత్రిలో మందును సన్నని తుంపరలా పీల్పించే నెబులైజర్ పెట్టాక గానీ ఊపిరి అందలేదు. శ్వాసనాళాల వాపును తగ్గించేది ఆ ఇన్‌హేలరే. ఆయాసం లేని రోజు కూడా అది కావాలి. ఇప్పుడు ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి స్పేసర్‌తో పీల్చి, వెంటనే నోరు పుక్కిలిస్తుంది. లేకపోతే నోట్లో తెల్లపూత రావచ్చు. దోమల కాయిల్, అగరుబత్తి మానేశాం. ఎండుమిర్చి పోపు నేనే పెడతాను, ఆ ఘాటుకు అమ్మను వంటింట్లోకి రానివ్వను. పులితేన్పులతో ఆయాసం పెరుగుతోందని రాత్రి భోజనం ఏడున్నరకే. కషాయం ఇప్పటికీ తాగుతుంది, ఇన్‌హేలర్ తీసుకున్నాకే.